అట్ట మీద రెండో పేరు

వేలూరు నుంచి గుడియాత్తం పోయే బస్సులో, ఒళ్ళో డోలక్కు పెట్టుకొని ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఇద్దరమూ బాగా అలిసిపోయి ఉన్నాము. నా చేతిలో నోటుబుక్కు ఉండింది. అరవై దాటినాక అక్షరాలు నేర్చుకొని, మా భజన పాటలన్నీ అందులో రాసినాను. అట్ట నిండా నా పేరే.

"ఈ పాటలు నువ్వు కట్టినవా అన్నా? ఒకటి పాడు," అన్నాడు.

రెండు వరసలు పాడేసరికి నాకు ఆయాసం వచ్చింది. ఆయన వెంటనే డోలక్కు మీద వేళ్ళు ఆడిస్తా అదే వరస అందుకున్నాడు. ఆ సందులో ఊపిరి తీసుకొని, తర్వాతి మాట గుర్తు తెచ్చుకున్నాను.

"ఊర్లో నీకు వంత పాడేది ఎవరు?"

"మునస్వామి. నలభై ఏండ్లుగా వాడే. నాకు మాట తట్టకపోతే అతికించేదీ వాడే."

ఆయన అట్ట చూసినాడు. "మరి ఆయన పేరు యాడుండాది?"

"వానికి చదువు రాదులే అప్పా."

"అందుకే ఆయన నిన్ను అడగలేదు," అని పళ్ళికొండలో దిగిపోయినాడు.

ఆ అట్టను మునస్వామికి అంతకుముందే చూపించినాను. చేత్తో తడిమి, "బాగుండాదిరా," అన్నాడు వాడు. అది తలుచుకొని ఇంటికి పోతానే అట్ట చించేసినాను. కొత్త అట్ట మీద రెండు పేర్లూ రాసి, పొద్దున్నే పోయి వాని వేలు పట్టి రెండో పేరు మీద పెట్టినాను.

"ఇదేందిరా?"

"నువ్వే."

"నేనింత పొట్టిగా ఉండానా?" అని నవ్వినాడు. వేలు మాత్రం తీయలేదు.