పెద్ద డోలు పిలవని పేరు

ఎన్యోనామ్ చెయ్యి జీవితంలో ఒక్కసారి కూడా పెద్ద డోలు మీద పడలేదు. మా కేటా సముద్రపు ఒడ్డున అది మగవాళ్ల సొత్తు. ఆడవాళ్లు పాడతారు, ఆడతారు, పూసలల్లిన సొరబుర్ర ఊపుతారు. అయినా ఆ డోలు పలికే ప్రతి దెబ్బా ఆమెకు నోటికి వచ్చు. ఒక్కడికి తప్ప ఊళ్లో మగవాళ్లకే రాదు, నాతో సహా. నేను ఆమె బృందంలో గంట కొట్టేవాణ్ణి. తప్పకుండా కొడితే చాలు, నా దగ్గర ఎవరూ అంతకుమించి ఆశించలేదు.

ఆ విద్య ఆమె అన్న అమెటెఫెది. మాలో ప్రతి మనిషికీ ఒక డోలు పేరు, అంటే దెబ్బల్లో పలికే పేరు, ఉంటుంది. శవపేటికను గోతిలోకి దించే ముందు పెద్ద డోలు ఆ పేరుతో పిలవాలి. పిలుపు విన్నవాడు ముందు పోయినవాళ్లను చేరుకుంటాడు. విననివాడి సంగతి మా ఇళ్లలో ఎవరూ ఎత్తరు. అమెటెఫె ఊరందరినీ అలా పిలిచి సాగనంపాడు. ఆయన డోలు పేరు ‘వల చిరిగినా పడవ దిగనివాడు’. తర్వాత పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఊళ్లో పెద్ద డోలు వచ్చినవాడు ఇంకొకడు లేడు.

“అందర్నీ పిలిచాను. నన్నెవడు పిలుస్తాడే?” అని చెల్లెల్ని అడిగాడు.

“నేను చూసుకుంటాలే. నువ్వు మాత్రం తొందరపడి చావకు,” అందామె.

మా యువజన బృందం అలా పుట్టింది. చర్చివాళ్లకు సంస్కృతి అనీ, తల్లిదండ్రులకు పిల్లలు దారి తప్పకుండా అనీ ఎన్యోనామ్ చెప్పింది గానీ, అసలు సంగతి ఇది. ఉల్లి మళ్లకు నీళ్లు పెట్టడం అయ్యాక పిల్లలు ఆమె వాకిట్లో చేరేవారు. ఆడపిల్లలకు వీపు ఎగరేస్తూ ఆడే మా ఆట నేర్పేది. మగపిల్లల పక్కన నిలబడి దెబ్బలు నోటితో చెబితే, వాళ్లు వాటిని తోలు మీదికి ఎక్కించేవారు. కుర్చీలో కూర్చున్న అమెటెఫె, నీ శిష్యులు డోలు కొడుతున్నారా చేపలు తోముతున్నారా అని ఎగతాళి చేసేవాడు. తోమడానికైనా చెయ్యి లేవాలి కదా, నీది లేస్తుందా అని ఆమె అంటించేది. ఇద్దరూ నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

పిల్లలు వచ్చారు, పోయారు. ఒకడికి ఫుట్‌బాల్, ఒకడికి సరిహద్దు అవతల లోమేలో మేనమామ దుకాణం. మా కాలంలో డోలు వినిపిస్తే అన్నం వదిలి పరిగెత్తేవాళ్లం అని నేను గొణిగితే, నీ కాలంలో తిండి ఉందా వదలడానికి అని ఎన్యోనామ్ నోరు మూయించేది. చివరికి ఎలీకెం ఒక్కడు నిలిచాడు. వాడి మణికట్టులో దేవుడున్నాడు. అమెటెఫె పేరు వాడు తప్పు లేకుండా పలికించిన రోజున ముసలాయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ తర్వాత ఎలీకెంను సముద్రపు ఒడ్డు హోటలువాళ్లు పట్టుకుపోయారు. అక్కడ విదేశీయులు భోంచేస్తుంటే వాయించాలి. పొడుగు వాయింపులు పనికిరావు. చివర గట్టిగా ఒక మోత మోగించి, పుల్లలు పైకెత్తి, వంగి నమస్కారం పెట్టాలి. రోజూ అదే. ఎన్యోనామ్ అడ్డు చెప్పలేదు. వాడికీ పొట్ట ఉంది, కబురు పెడితే వస్తాడు కదా అంది.

అమెటెఫె పోయాడు. కబురు పెట్టాం, వాడు వచ్చాడు. రాజధాని అక్రా నుంచి వచ్చిన చుట్టాలు తెచ్చిన లౌడ్‌స్పీకర్లను ఎన్యోనామ్ పోట్లాడి ఆపించింది. శ్మశానంలో ఎలీకెం డోలు అందుకున్నాడు. ఎంత బాగా వాయించాడని! కర్ర లేకుండా నడవలేని ముసలమ్మలు వీపులు ఎగరేస్తూ ఆడారు. ఎన్యోనామ్ ముఖం అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు.

ఇక పిలుపు. ఎలీకెం కాసేపు ఆగాడు. ఆ ఆగిన చోటే చేతులు వాడి మాట వినలేదు. హోటల్లో అలవాటైన దారి పట్టాయి. పెద్ద మోత ఒకటి మోగింది. పుల్లలు పైకి లేచాయి. వాడు వంగి నమస్కారం పెట్టాడు. అక్రా చుట్టాలు చప్పట్లు కొట్టారు. అయిపోయిందనుకుని మోసేవాళ్లు పేటికను గోతిలోకి దించేశారు.

ఎన్యోనామ్ డోలు వైపు ఉరికింది. చెయ్యి తోలుకు జానెడు దూరంలో ఉంది.

“ఎన్యోనామ్, చెయ్యి తియ్యి,” అన్నాడు కులపెద్ద. గట్టిగా అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. ఆమె తీసేసింది. నోటితోనే అన్న పేరు చెప్పడం మొదలుపెట్టేసరికి మొదటి పార మన్ను పడింది, చుట్టాల లౌడ్‌స్పీకర్ మళ్లీ మోగింది. చెట్టంత మనిషిని, నేను గంట పట్టుకుని ఊరికే నిలబడ్డాను. ఆ కులపెద్దను నేను ఈనాటికీ క్షమించలేదు, నన్ను కూడా.

సాయంత్రం ఎలీకెం ఆమె వాకిట్లోకి వచ్చాడు. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

“అత్తా, రేపు పొద్దున్నే నేనొక్కణ్ణే వెళ్లి మామను పిలిచొస్తా. పేరు గుర్తుంది నాకు.”

ఆమె వాడికి మొక్కజొన్న పిండితో చేసిన అక్ప్లె ముద్ద, చేపల పులుసు పెట్టింది. వాడు తినడం అయ్యాక చేతికి నీళ్లు అందించింది.

“మన్ను పడ్డాక పిలవకూడదురా. వింటాడు, లేవలేడు. అల్లాడిపోతాడు,” అంది. “హోటలుకి పో. బస్సు వెళ్లిపోతుంది.”