నాంపల్లి బావులపై వాంగ్మూలం

నాంపల్లి స్టేషన్ రోడ్డులో గొడుగులు బాగుచేసే దుకాణం పైన ఒక గది ఉండేది. ప్రతి నెలా రెండవ శుక్రవారం, దఫ్తర్లకు సెలవు గనుక, అక్కడ సాయంత్రం ఐదు గంటలకు చరిత్ర జరిగేది. కింద వీధిలో జరుగుతున్న చరిత్రతో దానికి పొత్తు లేదు. వీధిలో యుద్ధం మాటలు, కిరసనాయిలు కోసం వరుసలు. పైన మాత్రం శాతవాహనులు నిశ్చింతగా రాజ్యం ఏలుతుండేవారు.

ఆ గదిలో నడిచేది ‘ప్రాచీన విషయ పరిశోధక మండలి’. సభ్యులు ముప్పై నలుగురు. సభకు వచ్చేవారు పదిహేను మంది. వినేవారు ఎందరన్నది మండలి ఏనాడూ పరిశోధించలేదు. మండలి గోల్కొండకు ఒకసారి విహారయాత్ర చేసింది. కోట చరిత్ర మీద వాదించుకుంటూ కోట చూడకుండా తిరిగి వచ్చింది. ఒకసారి తాళపత్రాల ప్రదర్శన పెట్టింది. అద్దాల పెట్టెలో పెట్టిన అతి ప్రాచీన గ్రంథం ఒక సభ్యుడి మేనమామ జాతకమని మూడవ రోజున తేలింది. మేనమామ స్వయంగా వచ్చి గుర్తుపట్టాడు.

ఈ మండలికి పుట్టినప్పటి నుంచి, అంటే 1932 నుంచి, కార్యదర్శి బాలకిషన్. ఒక సర్కారీ దఫ్తరులో గుమాస్తా. మనిషి సన్నం, షేర్వాణీ వెడల్పు, మాట మెత్తన. బెంచీలు పైకి మోయించడం, వక్తను ఇంటి నుంచి వెంటబెట్టుకు రావడం, దండకు పూలు తెప్పించడం, దండ వేసినవారు దాన్ని మళ్లీ పట్టుకుపోకుండా చూడడం ఆయన పనులు. ఆయన ప్రతిభ అంతా చాయ్ దగ్గర కనబడేది. వక్త ‘ఇక ముగిస్తాను’ అన్న తర్వాత నిజంగా ఎంతసేపటికి ముగిస్తాడో అతడు దగ్గిన తీరును బట్టి లెక్కగట్టి, అబిడ్స్ నుంచి ఇరానీ హోటల్ చాయ్ వేడి చల్లారకుండా ఆ నిమిషానికే గుమ్మంలోకి రప్పించేవాడు. పదకొండేళ్లలో రెండుసార్లే తప్పింది. రెండుసార్లూ వక్త వకీలు ఇంద్రసేన.

ఇంద్రసేన మండలి అధ్యక్షుడు. పెద్ద గొంతు, పెద్ద గడియారం. ఆ గడియారం వైపు ఆయన చూసినట్లు దాఖలా లేదు. ఏ విషయం మీద మొదలుపెట్టినా పావుగంటలో శాతవాహనుల దగ్గరికి చేరేవాడు.

ఇవన్నీ చేస్తున్న బాలకిషన్‌కు ఒక రహస్య జీవితం ఉండేది. అది బావులు. గండిపేట నల్లా నీళ్లు రాకముందు నాంపల్లి, అబిడ్స్ ప్రాంతం ఏ బావుల నీళ్లు తాగి బతికిందో ఆయన ఎనిమిదేళ్లుగా రాసుకుంటున్నాడు. ముడులు వేసిన తాడు జేబులో పెట్టుకుని, సెలవు రోజుల్లో గల్లీ గల్లీ తిరిగి లోతు కొలిచేవాడు. రెండు ఇళ్లలో ఆయన దూకడానికి వచ్చాడనుకుని కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, జీవితం ఎంత విలువైనదో నచ్చజెప్పారు. ఆయన అంతా విని, కృతజ్ఞతలు చెప్పి, లోతు కొలుచుకునే వచ్చాడు. నలభై ఒక్క బావులు, అరవై రెండు పుటలు. మండలిలో చదవాలని ఆయన కోరిక. తొమ్మిదిసార్లు కార్యక్రమంలో చివర వేసుకున్నాడు. తొమ్మిదిసార్లూ ‘సమయాభావం వల్ల కార్యదర్శిగారి పత్రం వాయిదా వేయడమైనది’ అని తన చేత్తోనే రాసుకున్నాడు.

భార్య అహల్యకు ఆ అరవై రెండు పుటలూ కంఠస్థం. చదివి కాదు, రోజూ వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన వినిపిస్తుంటే.

“మండలి మీదే, బెంచీలు మీవే, చాయ్ మీదే. నోరు మాత్రం వకీల్ సాబ్‌ది” అనేది ఆమె.

“పెద్దమనిషి గదా, అహల్యా.”

“ఔ, పెద్దమనిషే. మీరు గట్ల బెంచీలు మోస్తనే ఉండున్రి. ఆయన ఇంకింత పెద్దగయితడు.”

1943లో బాలకిషన్‌కు గుల్బర్గాకు బదిలీ హుకుం వచ్చింది. వచ్చే నెల ఇరవయ్యో తేదీలోగా వెళ్లి చేరాలి. మధ్యలో ఒక్కటే రెండవ శుక్రవారం ఉంది. ఆ రోజు చదవకపోతే నాంపల్లి బావులను గుల్బర్గా వారికి వినిపించుకోవాలి. వారికి వారి బావులుంటాయి. ఆయన జీవితంలో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు. అంటే అధ్యక్షుడి ఇంటికి వెళ్లి, కూర్చోకుండా నిలబడి అడిగాడు. ఇంద్రసేన మంచివాడే. “అరే, ముందే చెప్పొద్దా బాలకిషన్. ఈసారి సభంత నీదే. నేను నోరే తెరవ” అన్నాడు.

ఆ రోజుల్లో నలుగురు కూడి ఉపన్యాసం వినాలంటే సర్కారు ఇజాజత్, అంటే అనుమతి, కావాలి. సభ ఎక్కడ, ఎప్పుడు, విషయం ఏమిటి, మాట్లాడేది ఎవరు, ఇంతజాం, అంటే ఏర్పాట్లు, ఎవరిది అని ఉర్దూలో దరఖాస్తు రాసి పది రోజుల ముందు ఇవ్వాలి. కాగితంలో పేరున్నవాడే మాట్లాడాలి. అది చూడడానికి సభకు ఒక పోలీసు జమాదారు వస్తాడు. ఈ దరఖాస్తులు పదకొండేళ్లుగా రాస్తున్నది బాలకిషనే.

ఆయన దఫ్తరులో ఒక పద్ధతి ఉంది. పాత కాగితం పక్కన పెట్టుకోకుండా ఎవరూ కొత్త కాగితం రాయరు. సొంతంగా రాస్తే తప్పులు వస్తాయని వారి నమ్మకం. బాలకిషన్ కూడా వెనకటి నెల దరఖాస్తు నకలు పక్కన పెట్టుకున్నాడు. తేదీ మార్చాడు. విషయం మార్చి, ‘నాంపల్లి బావులు’ అని రాశాడు. వెనకటి నెల వక్త అధ్యక్షుడే గనుక, ఆ తర్వాత చేయి అలవాటు ప్రకారం నకలు చూసి మాట్లాడేవారి గడిలో ‘ఇంద్రసేన, వకీలు’ అనీ, ఇంతజాం గడిలో ‘బాలకిషన్’ అనీ రాసింది. రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఎప్పటిలాగే ఉంది గనుక సరిగ్గానే ఉందనిపించింది.

ఇజాజత్ వచ్చింది. దాన్ని మడిచి దేవుడి గూట్లో పెట్టాడు.

శుక్రవారం నాడు గది నిండింది. బదిలీ మీద పోతున్నవాడి మీద అందరికీ అభిమానం పుడుతుంది. అహల్య మొట్టమొదటిసారి మండలి మెట్లెక్కి, ఇరుగుపొరుగు ఆడవాళ్లతో వెనక బెంచీలో కూర్చుంది. ముందు కుర్చీలో జమాదారు రాజమల్లు. సిద్దిపేట వైపు మనిషి. ఆరేళ్లుగా ఒక్క సభ కూడా తప్పలేదు. మండలిలో కార్యదర్శికి తప్ప ఆ ఘనత మరెవరికీ లేదు. శాతవాహనుల గురించి పోలీసు శాఖలో అంత తెలిసినవాడు ఇంకొకడు ఉండడు.

బాలకిషన్ లేచి, కాగితాలు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. రాజమల్లు జేబులోంచి ఇజాజత్ నకలు తీసి చూశాడు. మళ్లీ చూశాడు.

“సెక్రెటరీ సాబ్, జర ఆగున్రి. గీ కాయితంల మాట్లాడేది ఇంద్రసేన సాబ్ అని ఉన్నది.”

“ఎక్కడ?” అన్నాడు బాలకిషన్.

“గీడ. మీరే రాసిన్రు. మీ దస్తూరీ నాకెర్కే.”

బాలకిషన్ చూశాడు. అది ఆయన దస్తూరీయే. చక్కని దస్తూరీ.

“నా పేరు కూడ ఉన్నది గద, కింద.”

“ఉన్నది. ఇంతజాం. బెంచీలు సర్దున్రి, ఫ్యాన్ వెయ్యున్రి, ఎవ్వడు వద్దనడు. మాట్లాడొద్దు. నేనేం చెయ్యాలె సాబ్, నా నౌకరీ.”

“ఇంకో కాగితం పెట్టుకుంటే?”

“పది దినాలు.”

పది దినాలకు బాలకిషన్ గుల్బర్గాలో ఉంటాడు. ఆయన అలవాటు ప్రకారం ఒక బెంచీ సర్దాడు. వెనక నుంచి అహల్య గాజుల చప్పుడు ఒక్కసారి వినబడి ఆగింది.

ఇంద్రసేన లేచాడు. “ఫికర్ చెయ్యకు బాలకిషన్. కాయితం నీది, గొంతు నాది. నేను చదువుత.” ఇజాజత్ ప్రకారం అందులో తప్పు లేదు. రాజమల్లు తలూపాడు.

బాలకిషన్ ఉర్దూ దస్తూరీ ముత్యాలు. తెలుగు మాత్రం తన కోసం రాసుకునేవాడు. అందులో సగం గుర్తులు, సగం బాణాలు. ఇంద్రసేన మొదటి పుట కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, తిప్పి పెట్టుకున్నాడు. “నాంపల్లిలో... గుండ్రని... అంబలి ఉండేది” అని చదివాడు.

“బావి” అన్నాడు బాలకిషన్ నేల చూస్తూ.

“మాట్లాడొద్దు” అన్నాడు రాజమల్లు, దయగానే.

“దాని లోతు... ఏడు ఏనుగులు” అని చదివి ఇంద్రసేన కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. “మిత్రులారా, బావులంటే నీళ్లు. నీళ్లంటే నదులు. గోదావరీ తీరాన శాతవాహనులు...”

బెంచీలు కిర్రుమన్నాయి. బాలకిషన్ బల్ల మీది అరవై రెండు పుటలను తీసి, అంచులు సమంగా సర్ది, తాడుతో కట్టడం మొదలుపెట్టాడు. లోతు కొలిచిన తాడే. ఒక్కొక్క ముడీ వేళ్ల మధ్య నుంచి పోతోంది.

శాతవాహనులు పైఠణం దాటుతుండగా రాజమల్లు చేయెత్తాడు. ఆరేళ్లలో ఎన్నడూ ఎత్తలేదు.

“వకీల్ సాబ్, ఒక్క మాట. బాయిల సంగతి అన్నరు గద. మా పోలీసు లైన్ల ఎనుక ఒక బాయున్నది. నీళ్లు ఉప్పుకషాయం. పక్కకే రెండు గజాల దూరంల ఇంకొకటి, కొబ్బరి నీళ్ల తీరు. ఎందుకట్ల?”

ఇంద్రసేన ఆలోచించాడు. శాతవాహనుల కాలంలో దీనికి జవాబు లేదు. “అది పరిశోధించవలసిన విషయం” అన్నాడు.

రాజమల్లు బాలకిషన్ వైపు తిరిగాడు. “మీకెర్కేనా?”

“ఎర్కే. ముప్పై ఒకటో పుట. కాని నాకు ఇజాజత్ లేదు గద.”

రాజమల్లు ఇజాజత్ కాగితాన్ని మళ్లీ విప్పి, మొదటి నుంచి చివరి దాకా పెదవులు కదుపుతూ చదివాడు.

“గిది ఉపన్యాసానికి ఇజాజత్. పోలీసోడు అడిగితే చెప్పుటానికి ఇజాజతేంది? చెప్పకుంటెనే కేసయితది. చెప్పున్రి, నీళ్లెందుకు ఉప్పగున్నయి?”

బాలకిషన్ నిలబడ్డాడు. చట్టానికి ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. “అక్కడ అరవై ఏళ్ల కింద తోళ్లకు ఉప్పు పట్టించే కొట్టాలుండె. వానలకు ఆ ఉప్పు...” అని మొదలుపెట్టాడు. రెండవ బావి ఎందుకు తియ్యగా ఉందో, మధ్యలో ఉన్న బండ ఎంత మందమో, ఆ బండ పగలలేక ఎవరు పని వదిలేసి పోయారో చెప్పి ఆగాడు.

“తర్వాత?” అన్నాడు రాజమల్లు, గట్టిగా. ముద్దాయిని అడిగినట్టే అడిగాడు.

తర్వాత స్టేషన్ వెనక బావి. దాని తర్వాత గుర్రాల బావి. ఒక సభ్యుడు తన ఇంటి బావి సంగతి అడగబోయాడు. రాజమల్లు ఆపాడు. “మీరు అడుగుటానికి లేదు. నా చెవుల చెప్పున్రి, నేనడుగుత.” అప్పటి నుంచి ప్రశ్నలు బెంచీ నుంచి బెంచీకి, చెవి నుంచి చెవికి ముందు కుర్చీకి చేరి, అక్కడి నుంచి పోలీసు గొంతుతో బయటికి వచ్చాయి. ఇంద్రసేన కూడా వంగి ఒకటి చెప్పాడు. తన జీవితంలో ఆయన రహస్యంగా మాట్లాడింది అదొక్కసారే.

చివర బాలకిషన్ ముగించబోతుండగా వెనక బెంచీలో అహల్య లేచింది. “జమాదార్ సాబ్, పూలమ్మ బాయి సంగతి ఇడిసిపెట్టిన్రు. అడుగున్రి.”

“పూలమ్మ బాయి సంగతేంది?” అన్నాడు రాజమల్లు.

బాలకిషన్ కట్టను బల్ల మీద పెట్టాడు. తర్వాత చెప్పాడు. అబిడ్స్‌లో ఇప్పుడు పెద్ద దుకాణం ఉన్నచోట ఒక బావి తవ్వారు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు పూలమ్మ ఆ మట్టి తట్టలు మోసింది. యాభై ఏళ్లకు దుకాణం కట్టడానికి ఆ బావి పూడ్చారు. ఆ మట్టి కూడా పూలమ్మే మోసింది. ఏది కష్టమని ఆయన అడిగాడు. “తవ్వినప్పుడే సుఖముండె బిడ్డా, మట్టి తడితడి ఉండె, నెత్తి సల్లగుండె” అంది.

చాయ్ వచ్చి గుమ్మంలో నిలబడి చల్లారిపోయింది. దాన్ని గమనించవలసినవాడు మాట్లాడుతున్నాడు.

జనం వెళ్లాక రాజమల్లు అక్కడే కూర్చుని రిపోర్టు రాసి, తప్పులుంటే దిద్దమని బాలకిషన్‌కు ఇచ్చాడు. ‘ఉపన్యాసం జరగలేదు. ఒక వ్యక్తిని బావుల విషయమై గంటంబావు విచారించడమైనది. అతడు ఏమీ దాచలేదు’ అని ఉంది.

బాలకిషన్ రెండుసార్లు చదివాడు. తప్పులేమీ లేవు. అయినా కలం మూత తీశాడు.

“ఒక వ్యక్తి అంటే ఎవరో తెలవది గద, జమాదార్ సాబ్. పేరు రాస్తే మంచిగుంటది.”

రాజమల్లు ఆయన ముఖంలోకి చూశాడు. “ఇరవై రెండేండ్ల నౌకరీల పోలీసు కాయితం నుంచి పేరు తియ్యమనేటోళ్లనే చూసిన. ఎక్కియ్యమనేటోన్ని మిమ్మల్నే చూసిన. రాయున్రి, మీ చేత్తోనే రాయున్రి.”

ఆయన రాశాడు. పేరు, తండ్రి పేరు, మొహల్లా, పూర్తిగా. ఈసారి పక్కన నకలు ఏదీ పెట్టుకోకుండా.