పక్కనున్నావిడ

ఆకివీడు స్టేషన్ రోడ్డులో, జిరాక్స్ షాపు ముందు చిన్న బల్ల వేసుక్కూర్చునే రమణికి యాభై దాటాయి. ఎవరు ఏ ఫొటో తెచ్చినా, దరఖాస్తుకైతే జేపీజీగా, ఫ్లెక్సీకైతే పీఎన్‌జీగా తన ఫోనులోని యాప్‌తో మార్చి, అక్కర్లేదన్నవి తుడిచేసి పంపుతుంది. పని కాగానే ఫోను అటు తిప్పి, వాళ్ళ కళ్ళెదుటే ఆ ఫొటో చెరిపేస్తుంది. తనవంటూ దాచుకున్న ఫొటోలు ఆ ఫోనులో ఒక్కటీ లేవు. మొన్న మండవల్లి నుంచి గుండుతో ఒకాయన వచ్చి పాత పెళ్ళిఫొటో ఒకటి పంపాడు. "మా అమ్మ పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలండీ. పక్కనున్నావిడ ఎవరో గానీ, తీసెయ్యండి." పెళ్ళికూతురు వాసవి. ఆమె భుజం మీద చెయ్యేసి నవ్వుతున్నది ఇరవయ్యేళ్ళ రమణి. వాసవి పోయిందని రమణికి తెలిసింది అప్పుడే.

"ఎప్పుడు పోయారండీ?"

"తొమ్మిది రోజులైందండీ. మీకు తెలుసాండీ?"

తెలుసంటే, రైల్లో అరగంట దూరానికి ఇన్నేళ్ళూ ఎందుకు వెళ్ళలేదో చెప్పాలి. రమణి తల అడ్డంగా ఊపి, చూపుడువేలితో తన ముఖాన్ని మెల్లగా తుడిచేసింది. మార్చింది పంపి, అసలు ఫొటోను ఆయన ఎదుటే చెరిపేసింది. వాసవి భుజం మీది నాలుగు వేళ్ళను మాత్రం అలాగే వదిలేసింది.