ఒక కణుపుకు ఇరవై ఐదు

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఏ గోడ మీదైనా "ఇచ్చట పోస్టర్లు అంటించరాదు" అని ఉండి, ఆ చ వత్తు తోక కాస్త ఎక్కువ వంకర తిరిగి ఉంటే, అది ఖయ్యూం రాసిందే. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదివింది ఏడో తరగతి. అయినా తెలుగు అక్షరం మీద ఆయనకున్నంత పొగరు మా తెలుగు పంతులుకు కూడా లేదు. ఎవరైనా కాగితం మీద "రక్షన" అని రాసిస్తే, డబ్బుల సంగతి తర్వాత, ముందు ఆ "న"ను "ణ" చేసేదాకా బ్రష్షు ముట్టేవాడు కాదు.

"కాయితం అబద్ధం చెప్తది సార్, నోరు చెప్తది. ఖయ్యూం రాసిన గోడ చెప్పది" అనేవాడు నాతో, బీడీ చెవి వెనక పెట్టుకుంటూ.

ఫ్లెక్సీలు వచ్చి ఆయన పొట్ట కొట్టాయి. దుకాణాలు పోయాయి, ఎన్నికలు పోయాయి, పెళ్ళిళ్ళ స్వాగతాలూ పోయాయి. మిగిలింది ఫ్యాక్టరీలే. రేకును అచ్చులో పెట్టి కొట్టే ప్రెస్ షాపులో గాలికి కూడా నూనె అంటుతుంది, అక్కడ ఫ్లెక్సీ ఆరు నెలలు నిలవదు. అందుకని అరవై ఏళ్ళ ఖయ్యూం పాత మోపెడ్ మీద నిచ్చెన కట్టుకుని మా దగ్గరికి వచ్చేవాడు.

మాది లక్డారం రోడ్డు మీద ఫ్యాను రెక్కలు కొట్టే ఫ్యాక్టరీ. నా పేరు చంద్రకాంత్, టైమాఫీసు క్లర్కును. ఎవరు ఏ వేళకు లోపలికి వచ్చారు, ఏ వేళకు బయటికి వెళ్ళారు అని ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను. ఎవరు ఎన్ని వేళ్ళతో వచ్చారు, ఎన్నింటితో వెళ్ళారు అన్నదానికి మాత్రం నా రిజిస్టర్లో గడి లేదు.

పోయిన ఏడాది కంపెనీ అందరికీ ప్రమాద బీమా కట్టింది. కాంట్రాక్టు వాళ్ళతో సహా తలకు ఎనిమిది లక్షలు. ఏ అవయవం పోతే అందులో నూటికి ఎంత ఇస్తారో బీమా వాళ్ళు ఇంగ్లిషులో ఒక కాగితం పంపారు. కంపెనీ కార్మికులకు ఎంత చేస్తోందో అందరికీ తెలియాలని, దాన్ని తెలుగు చేయించి ప్రెస్ షాపు గోడ మీద రాయించమన్నాడు మేనేజరు. తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. ఐదు వేళ్ళూ ఒకలా ఉండవని పెద్దలు ఊరికే అన్నారు, బీమా వాళ్ళు లెక్క కట్టి మరీ చూపించారు. వేలికో ధర, వేలిలో కణుపుకో ధర. చిటికెన వేలితో మొదలై పైపైకి పోయి చివరికి రెండు చేతులకు వంద, ప్రాణానికి వంద. ఆ రెండూ ఒకే ధర కావడం చూసి నేను నవ్వుకున్నాను కూడా.

ఖయ్యూం ముందు పట్టిక పైన ఒక చెయ్యి గీయాలన్నాడు. గోడకు ఎదురుగా ఏడో నంబరు ప్రెస్సు మీద ఉండే మల్లేష్‌ను పిలిచి, ఎడమ అరచెయ్యి గోడకు ఆనించమని, చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు.

"కదలకు బేటా. ఒక్క వేలు తప్పినా నా పేరు పోతది."

"నా వేళ్ళు పోకుంటే సాలు చాచా" అన్నాడు మల్లేష్. అందరం నవ్వాం.

మొదటిరోజు పేర్లన్నీ నల్లరంగులో రాశాడు. నలుపు ఆరకుండా ఎరుపు పట్టదట, అందుకని అంకెలన్నీ రెండోరోజు. అది ఆయన పద్ధతి. రెండోరోజు మధ్యాహ్నానికి గోడ అడుగుకు చేరాడు. కాగితంలో చివరి వాక్యం మిగిలింది: కావాలని చేసుకున్న గాయానికి ఏమీ రాదు.

"కింద స్విచ్చు పెట్టె ఉంది సార్. ఇగ జాగ లేదు" అన్నాడు.

"వదిలెయ్యి" అన్నాను.

"ఒకపారి సరి చూసుకోండ్రి."

నా చేతిలో చాయ్ ఉంది. "నువ్వు రాసినంక చూసేదేముంది భాయ్" అని ఆయన బిల్లు మీద 'సరిచూడబడినది' అని రాసి సంతకం పెట్టాను. ఆ మాటకు ఆయన ముఖం వెలిగింది. పొగడ్తకు ఖర్చు లేదు కదా, నేను ఎప్పుడూ దాన్ని ధారాళంగానే వాడతాను.

మల్లేష్ సంగతి చెప్పాలి. లక్డారం వాడే. తాతల నాటి రెండెకరాలు ప్లాట్లయిపోయాక మా గేటు దగ్గరికి వచ్చాడు. ఒక్కతే కూతురు, నిషిత, ఎనిమిదేళ్ళది. పుట్టు చెవుడు. చిన్నప్పుడు సర్కారు పథకంలో ఉచితంగా ఆపరేషన్ చేసి, చెవి వెనక పెట్టుకునే మిషన్ ఇచ్చారు. దాంతో పిల్లకు మాట వచ్చింది, బడికి పోయింది. గోడ రాయడానికి రెండు నెలల ముందు ఆ మిషన్ చెడిపోయింది. బాగుచేయడం కుదరదు, కొత్తది రెండు లక్షలు అన్నారు. ఆస్పత్రికి వెళ్ళడానికి సెలవు అడిగినప్పుడల్లా నాకు చెప్పేవాడు. "మాట వంకర పోతది సార్. 'నాన్న' అంటే 'నా' వరకే వస్తది. ఇంకో ఆరు నెలలైతే అది గూడ పోతదట."

నేను సెలవు రాసుకుని అయ్యో అన్నాను.

గోడ రాసిన వారానికి, మరిచిపోయిన బకెట్ కోసం వచ్చిన ఖయ్యూంను మల్లేష్ గేటు దగ్గర పట్టుకున్నాడు. నేను కిటికీలోంచి వింటూనే ఉన్నాను.

"చాచా, గోడ మీద రాసింది పక్కానేనా?"

"పక్కా అంటే? ఖయ్యూం రాసిన గోడ అబద్ధం చెప్పది."

"అంకె తప్పు పోయేది ఉంటదా?"

"నలభై ఏండ్ల సంది రాస్తున్న. అక్షరం పోలె, అంకె పోతదా?" ఖయ్యూంకు కోపం కూడా వచ్చింది.

మర్నాడు మల్లేష్ నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఎనిమిది లక్షలల్ల ఇరవై ఐదు పైసలంటే ఎంత?"

"నూటికి ఇరవై ఐదంటే రెండు లక్షలు. ఎందుకు?"

"ఎడమ చెయ్యికైనా గంతేనా?"

"కాగితంలో ఏ చెయ్యని లేదు. ఎందుకు మల్లేష్?"

"ఊకెనే సార్."

నాకు ఒళ్ళు జలదరించింది. అది నిజం. వెంటనే ఫోన్ మోగింది, నేను ఎత్తాను. అదీ నిజమే.

మా ప్రెస్సుల గురించి తెలియని వాళ్ళకు ఒక్క మాట. ప్రతి ప్రెస్సుకూ రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే అది కిందికి దిగుతుంది, అంటే చేతులు రెండూ బయటే ఉన్నట్టు. కానీ ఒక బటన్‌ను టేపు చుట్టి నొక్కి ఉంచితే పని జల్దీ అవుతుంది. కుడిచేత్తో రెండోది నొక్కుతూ ఎడమచేత్తో రేకు పెట్టొచ్చు. మా అన్ని ప్రెస్సులకూ టేపు ఉంది. మేనేజరుకు తెలుసు, నాకూ తెలుసు. తనిఖీ వచ్చే రోజు వాటిని ఊడదీయించేది నేనే.

శుక్రవారం షిఫ్టు మొదలయ్యే ముందు మల్లేష్ మళ్ళీ వచ్చాడు. "సార్, పంచింగుల నా వేలు మార్చండ్రి. ఎడమ చూపుడు వేలు అరిగింది, పడ్తలేదు. కుడిది పెట్టండ్రి."

హాజరు మిషన్ మీద వేలు పెట్టి మేం లోపలికి పోతాం. రేకు పట్టే చేతులకు వేలిముద్రలు అరగడం మామూలే. "ఒకసారి పెట్టు చూద్దాం" అన్నాను. ఎడమ చూపుడు వేలు పెట్టాడు. మొదటిసారికే కూత వచ్చింది, తెర మీద వాడి పేరు వెలిగింది. ఇద్దరం తెరనే చూస్తూ నిలబడ్డాం. ఆ వేలి మొదటి కణుపు దగ్గర నీలం పెన్నుతో గీసిన సన్నటి గీత ఉంది.

"కుడిది పెట్టండ్రి సార్" అన్నాడు మెల్లగా.

పెట్టాను. ఇప్పటికీ నన్ను నేను అడుగుతున్నాను, ఎందుకు పెట్టానని. అడిగితే చెబుతాడేమోనన్న భయం, అంతే. చెబితే నేనేదో ఒకటి చేయాల్సి వచ్చేది.

శనివారం పొద్దున ఆరున్నరకు ఖయ్యూం మోపెడ్ గేటు ముందు ఆగింది. టోపీ ఇంకా తలమీదే ఉంది. ఊపిరి అందడం లేదు.

"సార్, కాయితం తీయండ్రి. జల్దీ."

పొద్దున నమాజు అయ్యాక అల్లా నామం లెక్కపెట్టి అనే తస్బీహ్ చేస్తున్నాడట. పూసల దండ తెగిపోయి, వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతున్నాడట. "లెక్క పెట్టేది బొటనేలే కద సార్. ఒక్కో కణుపు మీదికెళ్ళి అదే నడుస్తది. అది లేకుంటే బ్రష్షు పట్టలేను, అన్నం బుక్క పట్టలేను. గసువంటి దానికి పది రాసిన. చూపుడేలు కొసకు ఇరవై ఐదు రాసిన. గా కంపెనోళ్ళు గంత పిచ్చోళ్ళా? నేనే పిచ్చోణ్ణా?"

కాగితం తీశాను. చూపుడు వేలు ఒక కణుపు: నాలుగు. దాని కింద, బొటన వేలు రెండు కణుపులు: ఇరవై ఐదు, ఒక కణుపు: పది. పైన ఎక్కడో ఒకే అంకె రెండుచోట్ల ఉంటే ఆయన కన్ను ఒక వరుస దాటేసింది. అక్కడి నుంచి అంకెలన్నీ ఒక మెట్టు పైకి ఎక్కి కూర్చున్నాయి. చివర రెండు చేతులకూ, ప్రాణానికీ వందే కావడంతో, కాగితంలోని ఆఖరి వందనే రెండుచోట్లా వేసేశాడు, తేడా తెలియలేదు.

"ముందుగాల మల్లేష్‌కు చెప్పాలె" అన్నాడు ఖయ్యూం. "గా పోరడు నన్ను గుచ్చి గుచ్చి అడిగిండు."

నా కళ్ళకు మల్లేష్ కనిపించలేదు. బిల్లు మీద నా సంతకం కనిపించింది. తొమ్మిదింటికి మేనేజరు వస్తాడు. "ముందు గోడ సంగతి చూడు భాయ్. మనిషికి తర్వాతైనా చెప్పొచ్చు" అన్నాను.

ఖయ్యూం నా ముఖం చూశాడు. తరవాత నిచ్చెన విప్పాడు.

ప్రెస్ షాపులో మాట వినబడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. నేను నిచ్చెన పట్టుకున్నాను. ఖయ్యూం పైకెక్కి, తెల్లరంగు బ్రష్షుతో ముందు చూపుడు వేలు వరుసలో ఇరవై ఐదులోని రెండు అంకెను కప్పాడు. ఐదు ఇంకా ఎర్రగా ఉంది. నేను తిరిగి చూసేసరికి ఏడో నంబరు దగ్గర మల్లేష్ పని ఆపి గోడకేసి చూస్తున్నాడు.

ఏమైంది అన్నట్టు చెయ్యి తిప్పి అడిగాడు.

ఖయ్యూం బొటనవేలు ముడిచి నాలుగు వేళ్ళు ఎత్తి చూపించాడు. నాలుగు, నాలుగే అన్నట్టు చెయ్యి గట్టిగా ఊపాడు. ఆగు, వద్దు అని అరిచాడు కూడా. అరుపు నాకే సరిగా వినబడలేదు.

మల్లేష్ ఆ నాలుగు వేళ్ళను చూశాడు. గోడ మీద మిగిలిన ఐదును చూశాడు. ధర తగ్గుతోందని అనుకున్నాడు. దుకాణం మూసే ముందు ఉరికిన మనిషిలా, గబుక్కున ప్రెస్సు వైపు తిరిగాడు.

నేను నిచ్చెన వదలలేదు. వదిలితే ఖయ్యూం పడతాడనుకున్నాను.

ప్రెస్సు దిగే చప్పుడు ఎప్పుడూ ఒకటే. ఆ ఒక్కసారి అది మెత్తగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం నేనూ ఖయ్యూం ఆస్పత్రికి వెళ్ళాం. మల్లేష్ భార్య మందులకు పోయింది. నిషిత తండ్రి మంచం అంచున కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి వంకే చూస్తోంది. మల్లేష్ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ముఖంలో నొప్పి లేదు, ఆశ ఉంది. అది చూసే నాకు భయమేసింది.

"సార్, నేను పెట్టినప్పుడు అయిదు ఇంకా కనవడుతుండె. మొత్తం చెరపలె. అంటే పాత రేటే వర్తిస్తది గద? మీరు చూసిన్రు. సాక్ష్యం చెప్తరా?"

"ఆ మాట ఇంకెక్కడా అనకు" అన్నాను. "కావాలని పెట్టినవని తెలిస్తే నాలుగు కూడా రాదు. కాగితంలో ఉంది."

"గోడ మీద లేదు గద సార్."

లేదు. స్విచ్చు పెట్టె అడ్డం వచ్చింది. నేనే వదిలెయ్యమన్నాను.

మల్లేష్ ఖయ్యూం వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు చాచా. నిన్నటి దాక ఇరవై ఐదే ఉండె గద?"

ఖయ్యూం టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. బొటనవేలు దాని అంచు మీద నడుస్తూనే ఉంది.

"గోడ అబద్ధం చెప్పింది బేటా" అన్నాడు. "వేలు కొసకు ఎన్నడూ నాలుగే. నేనే తప్పు రాసిన."

"ఎన్నడూ?"

"ఎన్నడూ."

నిషిత మా ముగ్గురి నోళ్ళ వంకా మార్చి మార్చి చూసింది. ఏం అందలేదు. లేచి వచ్చి ఖయ్యూం చొక్కా పట్టి లాగి, సగం సగం మాటతో "ఏమన్నవ్ తాతా?" అని అడిగింది.

నలభై ఏళ్ళు గోడల మీద పెద్దపెద్ద అక్షరాలు రాసినవాడు, ఆ పిల్లకు ఒక్క ముక్క చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేదు.