తద్దినం బల్ల కింద పీచ్ పండు

మీరు మల్సున్ పిన్నిని కలిసి తీరాలి. బూసాన్ రేవు పట్నంలో నంఫో ఎండుచేపల బజారుకు వెళ్లి, అందరికంటే పైకి ఎవరి గొంతు వినిపిస్తే ఆ కొట్టు ముందు ఆగండి. ఆవిడే. బజారందరికీ పిన్నే. నెత్తళ్లు రుచి చూసి కొనకుండా కదిలారో, మీ ఏడు తరాలనూ కడిగేస్తుంది.

ఇన్‌హా అనే అమ్మాయి సొంత ఖర్చుతో ఈవిడ మీద ఒక డాక్యుమెంటరీ సినిమా తీసింది. అందులో పిన్ని మొగుడి తద్దినం ఉంది. బల్ల మీద అన్నం, చేప, పళ్లు, అన్నీ పద్ధతిగానే ఉంటాయి. మరిది వంగి దణ్ణం పెడుతుంటాడు. అప్పుడు కెమెరా మెల్లగా కిందికి దిగుతుంది. బల్ల కింద, గుడ్డ చాటున, ఒక పీచ్ పండు.

ఇంక చూడండి గొడవ. పీచ్ పండు ఉన్న ఇంటి గడప పోయినవాళ్లు తొక్కరని మా దగ్గర పసిపిల్లలకీ తెలుసు. తద్దినం నాడు దాన్ని దరిదాపులకు రానివ్వరు. దర్శకురాలే సంచలనం కోసం పండు దాచిందనీ, నోరులేని విధవరాలి దుఃఖాన్ని అమ్ముకుందనీ ఒక పేరున్న విమర్శకుడు రాశాడు. ‘నోరులేని’ అన్నందుకు బజారంతా పడీపడీ నవ్వింది కానీ, మిగతా పత్రికలు ఆ పాటే అందుకున్నాయి. ఒకావిడ మాత్రం మెచ్చుకుంది, ఆ పండు కుళ్లిన సమాజానికి గుర్తట. పండు నిగనిగలాడుతోంది పాపం.

ఇన్‌హా ఎన్ని తిట్లు పడ్డా నోరు విప్పలేదు. కారణం బయటపెట్టనని పిన్నికి మాటిచ్చింది. పిన్ని భయం మరిది గురించే. కొట్టుకు సరుకొచ్చేది ఆయన పడవ మీదే. ఇటు చూస్తే, శనివారం ఆట తర్వాత జరిగే చర్చ కూడా రచ్చయితే సినిమా ఎత్తేస్తానని హాలు యజమాని చెప్పేశాడు.

ఆ రోజు మైకు అందించే పని నాది. విమర్శకుడు లేచి, పండు ఎవరు పెట్టారని సూటిగా అడిగాడు. ఇన్‌హా తల దించుకుంది. మరిది పక్కనే కూర్చున్న పిన్ని నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"నేనే పెట్టాను. ఆ పిల్ల జోలికి పోకండి."

"ఎందుకమ్మా?" ఆయన గొంతు తగ్గింది.

"బతికున్నన్నాళ్లూ తాగొచ్చి తన్నాడయ్యా. తద్దినం మానేస్తే నలుగురూ ఊరుకోరు. అందుకని అన్నం పెట్టాను. లోపలికి మాత్రం రానివ్వలేదు."

పిన్ని మరిది వైపు చూడలేదు. ఆయన టోపీని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"వదినా," అన్నాడు చివరికి, "వచ్చే ఏడు రెండు పెట్టు. మా అన్నకి ఒకటి చాలదు."

ముందు నవ్వింది పిన్నే. తర్వాత హాలంతా. ఇన్‌హా కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. పొరబడింది తానేనని విమర్శకుడు మళ్లీ రాశాడు. సినిమా ఆడుతోంది. మరిది పడవ ఎప్పటిలాగే సరుకు దించుతోంది.

కానీ ఆ క్షణంలో ఇదంతా పిన్నికి తెలియదు కదా. మీ పొట్టకూడు ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి పక్కనే ఉంటే, మీరైతే మైకు అందుకునేవారా?