నీటిని తీసేసిన లెక్క

తడిసిన ఉన్నికి ఒక వాసన ఉంటుంది. వానలో గొర్రెల మంద వీధిలోంచి వెళ్ళిపోయాక కాసేపు గాలిలో నిలిచే వాసన అది. నిన్న మధ్యాహ్నం జల్లు కొట్టి పూజగది కిటికీలోంచి నీళ్ళు పడ్డాయి. నేను జపానికి కూర్చునే చిన్న తివాచీ ఒక మూల తడిసిపోయింది. దాన్ని దండెం మీద ఆరవేస్తుంటే ఆ వాసన గుప్పున తగిలింది. పక్కన ఎవరో నిలబడి "తిరగేసి చూడు అమ్మాయ్, అసలు సంగతి వెనకే ఉంటుంది" అన్నట్టు అనిపించింది. తిరగేశాను. ముదురెరుపు, ముదురు పచ్చ రంగుల్లో వరసలు వరసలుగా, ముడి పక్కన ముడిగా ఉన్ని ముళ్ళు. జులేఖా టీచరుగారి నాన్నగారు వేసిన ముళ్ళు. ఆవిడను చూడనివాళ్ళకు ఆవిడ ఎలా ఉండేవారో చెప్పాలంటే నాకు ఈ తివాచీ వెనకవైపు నుంచే మొదలుపెట్టాలనిపిస్తుంది.

మాది ఏలూరు. నాన్నగారు ఒక చిన్న గుడిలో అర్చకులు. చిన్నప్పుడు నాకు కీళ్ళజ్వరం వచ్చి గుండె బలహీనపడింది. మెట్లెక్కకూడదు, పరుగెత్తకూడదు అని డాక్టరుగారు చెప్పడంతో బడి మానిపించారు. అక్షరాలూ శ్లోకాలూ నాన్నగారు నేర్పారు, కూడికలూ తీసివేతలూ అమ్మ నేర్పింది. ఆ తర్వాతి చదువుకు దారేమిటని ఇంట్లో అందరూ దిగులుపడుతుంటే, మా ఎదురింట్లో ఉండే జులేఖా టీచరుగారు ఒకరోజు మా అరుగు మీదకు వచ్చి కూర్చున్నారు. ఆవిడ సోషల్ టీచరు. తంగెళ్ళమూడి వైపు తివాచీలు నేసే కుటుంబంలో పుట్టి, వాళ్ళింట్లో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల. "పంతులుగారూ, మీ అమ్మాయి బడికి రాలేకపోతోంది కదా, బడినే ఇక్కడికి తెస్తానండి. సాయంత్రం ఒక గంట" అన్నారు. నాన్నగారు ఏదో ఇవ్వబోతే, "ప్రసాదం పెట్టించండి చాలు. మీ పులిహోర వాసనకు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించడం లేదు" అని నవ్వారు. ఆ నవ్వుకు ఇవాళ్టికీ నేను రుణపడి ఉన్నాను.

జనసాంద్రత పాఠం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చదరపు కిలోమీటరు విస్తీర్ణంలో నివసించే జనాభా అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను. "అర్థమైందా?" అన్నారు. "అయిందండి" అన్నాను. "ఏమర్థమైంది?" అన్నారు. నేను మళ్ళీ అదే వాక్యం చెప్పాను. ఆవిడ మర్నాడు చంకలో ఈ తివాచీ చుట్టుకుని వచ్చారు. వాళ్ళ నాన్నగారు కొనేవాళ్ళకు చూపించడానికి నేసిన నమూనా ఇది. ఒక కొసన దగ్గర దగ్గరగా బిగించిన ముళ్ళు, రెండో కొసన వదులు నేత. పాత శుభలేఖ ఒకటి తీసుకుని మధ్యలో అంగుళం మేర చతురస్రంగా కత్తిరించి, ఆ కన్నాన్ని తివాచీ వెనక పెట్టి లెక్కపెట్టమన్నారు. బిగువు కొసన ముళ్ళు లెక్కపెట్టేసరికి నా కళ్ళు లాగాయి. వదులు కొసన ఇట్టే అయిపోయింది. తర్వాత మొత్తం ముళ్ళను మొత్తం అంగుళాలతో భాగించమన్నారు. ఒక అంకె వచ్చింది. "ఇప్పుడు ఆ అంకె ఈ తివాచీలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అన్నారు. కన్నాన్ని ఇటూ అటూ జరిపి చూశాను. ఎక్కడా లేదు. ఒకచోట అంతకన్నా చాలా ఎక్కువ, ఇంకోచోట చాలా తక్కువ. "లేదండీ" అన్నాను బిక్కమొహం వేసుకుని. "లెక్క తప్పలేదు. కానీ ఆ లెక్కలో ఎవరూ కాపురం ఉండటం లేదు. చూశావా?" అన్నారు.

అప్పటిదాకా గడపలో కూర్చుని చూస్తున్న మా మామ్మ, "ఉన్నికి మైల లేదు, కాస్త జరగండి" అంటూ వచ్చి తివాచీ చివర కూర్చుంది. మామ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెం. "టీచరమ్మా, జనం ఏలూరులో ఎక్కువా, మా గూడెంలో ఎక్కువా?" అని అడిగింది.

"ఏలూరు పెద్దదండి మామ్మగారూ."

"అదేం లెక్కండీ? ఉల్లిపాయల మార్కెట్టు రోజున వచ్చి చూడండి, కాలు పెట్టే చోటుండదు!"

"సంతకు వచ్చేవాళ్ళను కాదండి, ఆ ఊళ్ళో ఉండేవాళ్ళను లెక్కేస్తారు."

"మరి పొద్దస్తమానం నా కాళ్ళు తొక్కేది ఎవరండీ?"

టీచరుగారు పడీపడీ నవ్వి, నా వైపు తిరిగి, "రాసుకో. మీ మామ్మగారు చాలా పెద్ద ప్రశ్న వేశారు" అన్నారు. లోపల నాన్నగారు సాయంత్రం పూజకు సంకల్పం చెప్పుకుంటున్నారు. ఏ ద్వీపంలో, ఏ కొండకు ఏ దిక్కున, ఏ రెండు నదుల మధ్య తాను కూర్చుని ఉన్నదీ దేవుడికి విన్నవించుకుని, ఆ తర్వాతే కోరికలోకి వస్తారు కదా. టీచరుగారు అది శ్రద్ధగా విని, "అదీ పద్ధతి. మీ నాన్నగారు ఏదైనా అడిగేముందు ఎక్కడున్నారో చెబుతున్నారు. అంకె చెప్పేవాళ్ళు కూడా అలాగే చెప్పాలి" అన్నారు. రోజూ వింటున్నవాళ్ళం, మాకెవరికీ తట్టలేదు.

కొన్నేళ్ళకు నా ఆరోగ్యం కుదుటపడింది. ప్రైవేటుగా పరీక్షలు రాసి డిగ్రీ కూడా పూర్తి చేశాను. అప్పటికి టీచరుగారు కొల్లేటి లోపల ఒక లంక ఊళ్ళో బడికి హెడ్మాస్టరు. ఆ బడిలో పొద్దుటి పూట ఆడపిల్లల హాజరు పలచగా ఉండేది. ఎందుకంటే తాగే నీళ్ళ కోసం తల్లులతో కలిసి బిందెలు పెట్టుకుని దోనెల్లో రోడ్డు దాకా వెళ్ళిరావాలి. కుళాయిలు వేయించమని ఊరు ఎన్నిసార్లు అడిగినా, ఆఫీసులో ఒకటే జవాబు. ఊరి విస్తీర్ణం చాలా ఎక్కువ, జనసాంద్రత తక్కువ, ఇళ్ళు దూరదూరంగా ఉంటాయి కాబట్టి పైపుల ఖర్చు గిట్టుబాటు కాదు. ఇది విని టీచరుగారికి ఆశ్చర్యం వేసిందట. ఆ ఊళ్ళో ఒక ఇంటి చూరు ఇంకో ఇంటి చూరును తాకుతూ ఉంటుంది. ఒకరింట్లో పోపు వేస్తే నాలుగిళ్ళవాళ్ళు తుమ్ముతారు. కాగితం మీద మాత్రం ఊరి విస్తీర్ణంలో చుట్టూ ఉన్న కొల్లేటి నీరంతా కలిసిపోయింది.

పైగా ఇంకో పొరపాటు జరిగింది. వేసవిలో ఇంజనీరుగారు స్వయంగా చూడడానికి వచ్చారు. వేసవిలో కొల్లేరు వెనక్కి తగ్గి చుట్టూ నేల తేలుతుంది. ఊరి పెద్ద వీర్రాజుగారు ఆయన్ను మోటారుసైకిలెక్కించుకుని ఎండిన మడుగులన్నీ తిప్పి, "కనుచూపు మేరంతా మా ఊరేనండి" అని చూపించారు. తన ఊరు చిన్నదని ఎవరు చెప్పుకుంటారు? ఇంజనీరుగారు విస్తీర్ణం ఎక్కువ అన్న మాట నిజమేననుకుని వెళ్ళిపోయారు.

టీచరుగారు ఆయన్ను మళ్ళీ రమ్మని పట్టుబట్టారు. ఈసారి శ్రావణంలో, నీరు నిండుగా ఉన్నప్పుడు. ఇదే చివరి పరిశీలన అని, ఆ తర్వాత ఆ పనికి కేటాయించిన డబ్బు వేరే ఊరికి వెళ్ళిపోతుందని ఆయన ముందే చెప్పారు. నన్ను వెంట పంపమని టీచరుగారు మా ఇంటికి వచ్చారు. నాన్నగారు తటపటాయించారు. "దాని గుండె సంగతి మీకు తెలుసు కదండీ. పడవ మీద…"

"పడవకు మెట్లుండవండి పంతులుగారూ" అన్నారు ఆవిడ. "నేను చెబితే హెడ్మాస్టరమ్మ తన బడి కోసం చెబుతోంది అంటారు. ఈ లెక్క మీ అమ్మాయి చెప్పాలి."

ఇంజనీరుగారు రాకముందే వల తాడు తీసుకుని ఊరి చుట్టూ నీటి అంచు వెంబడి కొలిచాము. వీర్రాజుగారు తాడు కొస పట్టుకుని నీళ్ళలోకి దిగి, ఇంకా లోపలికి లాక్కుపోతున్నారు. "ఇంకాస్త వదలండమ్మా, మా ఊరు ఇంతేనా?"

"వీర్రాజుగారూ, మీరు నిలబడ్డచోట ఇల్లు కట్టుకుంటారా?" అన్నారు టీచరుగారు గట్టు మీద నుంచి.

"ఎలా కడతానండీ, మొలలోతు నీళ్ళండి!"

"అయితే ఇవతలికి రండి మరి."

గట్టు మీద ఆడవాళ్ళంతా నవ్వారు. వీర్రాజుగారి భార్య మంగమ్మ మాత్రం నవ్వలేదు. "ఎండల్లో ఆ ఇంజనీరుగారిని బండెక్కించుకుని తిప్పింది ఈయనేనండి. పెద్ద ఊరంట! ఆ పెద్ద ఊరికి నీళ్ళు మోసేది ఎవరో ఈయన్ని అడగండి" అంది. ఆయన తాడు చుట్టుకుంటూ గట్టెక్కారు.

ఇంజనీరుగారు పడవ దిగి అటూ ఇటూ చూశారు. "వేసవిలో నేను బండి మీద తిరిగిన చోటు ఏదండీ?"

"తమరి పడవ కింద ఉందండి" అంది మంగమ్మ.

టీచరుగారు నన్ను ముందుకు జరిపారు. నేను అప్పటిదాకా తరగతి గదిలో కూడా లేచి నిలబడి మాట్లాడినదాన్ని కాదు. మనసులో స్వామిని తలుచుకున్నాను. నాన్నగారి సంకల్పం గుర్తొచ్చింది. "మనం ఇప్పుడు నిలబడింది కొల్లేటి మధ్య ఒక మెరక మీదండి" అని మొదలుపెట్టాను. "నాలుగు వైపులా నీరు ఇళ్ళ గోడల దాకా వచ్చింది. మీ లెక్కలో జనం సరిగ్గానే ఉన్నారండి. కానీ వాళ్ళను ఆ నీళ్ళ మీద కూడా పరిచారు. నీటిని తీసేసి, ఈ తాడుతో మేము కొలిచిన నేలతో భాగించి చూడండి. పైపులు వేయాల్సింది ఈ తాడు లోపలేనండి."

ఆయన ఫోను తీసి లెక్క వేసుకున్నారు. మళ్ళీ వేసుకున్నారు. "ఇదేమిటండీ, ఏలూరు వన్ టౌన్ సందుల కన్నా ఇరుకు!" అన్నారు. తర్వాత వీర్రాజుగారి వైపు తిరిగి, "ఏం పెద్దాయనా, అప్పుడు కనుచూపు మేర మీ ఊరే అన్నారు. ఇప్పుడు వీళ్ళు తాడు మేరకే అంటున్నారు. నేను ఏది రాసుకోవాలి?" అని అడిగారు.

అందరి చూపులూ ఆయన మీదే. తాతల నాటి నుంచీ ఈ నీరంతా మాదేనని చెప్పుకుంటూ బతికిన మనిషి. ఆ మాట తగ్గించి చెబితే ఏదో పోతుందన్న భయం ఆయన మొహంలో కనిపించింది. ఆయన తలపాగా తీసి భుజాన వేసుకున్నారు. "నీళ్ళు మావేనండి. చేపలు మావేనండి. మేముండేది మటుకు ఇంతేనండి. ఊరు చిన్నదేనండి" అన్నారు. మంగమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

మరుసటి వేసవికి ఆ లంకలో కుళాయిలు వచ్చాయి. పొద్దుటి హాజరు పట్టీలో ఆడపిల్లలు నిండుగా కనిపిస్తున్నారని టీచరుగారు మా అరుగు మీద కూర్చుని చెప్పినప్పుడు, నాన్నగారు లోపలికి వెళ్ళి ఆవిడకు రెండుసార్లు పులిహోర తెచ్చి పెట్టారు. "లెక్క చెప్పింది మీ అమ్మాయండి, నాకెందుకు ఇంత?" అన్నారు ఆవిడ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళలో ఉన్న గర్వం నా జీవితంలో నాకు దక్కిన పెద్ద బహుమతి.

రిటైరయ్యాక ఆవిడ తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గరకు వెళ్ళిపోయారు. చూడడానికి వెళ్ళినప్పుడు మేడ మెట్లు ఆగి ఆగి ఎక్కాను. పైనుంచి ఆవిడ, "తొందర లేదు, నేనెక్కడికీ పోను" అంటూనే ఉన్నారు. కింద ఉల్లిపాయల లారీలు, మూటలు మోసేవాళ్ళ కేకలు. "మీ మామ్మగారి మాటే నిజం అమ్మాయ్. నేను ఇక్కడ రోజూ కూర్చుని చూస్తున్నాను. కాలు పెట్టే చోటు లేదు" అన్నారు. గది మూలన ఒక ప్లాస్టిక్ క్యాను ఉంది. వీర్రాజుగారు గూడెం పని మీద వచ్చినప్పుడల్లా తమ కుళాయి నీళ్ళు పట్టి తెచ్చిస్తారట. "ఇక్కడ నీళ్ళు లేకనా అంటే వినడు. మా చిన్న ఊరి నీళ్ళండి అంటాడు. అదే ఇప్పుడు ఆయనకు గొప్ప" అని నవ్వారు. ఆ నీళ్ళే నాకూ ఒక గ్లాసులో పోసిచ్చారు. వచ్చేటప్పుడు ఈ తివాచీ నా చేతిలో పెట్టి, "మా నాన్న ముళ్ళ మీద కూర్చుని మీ స్వామిని పిలుచుకో. నేతపని మా నాన్న బాగా చేశాడు, కాదనరు ఎవరూ" అన్నారు. అదే ఆఖరిసారి.

ఇప్పుడు నేను మా ఇంట్లోనే, బడికి వెళ్ళలేకపోయిన ఆడపిల్లలకు పాఠాలు చెబుతాను. జనసాంద్రత వచ్చినప్పుడు శుభలేఖకు కన్నం కత్తిరించి తివాచీ తిరగేస్తాను. ఏ ఊరి గురించైనా ఎంతమంది అని ఎవరైనా చెబితే, వాళ్ళు ఎక్కడ నిలబడ్డారని మా పిల్లలు వెంటనే అడుగుతారు. పెద్దలకు అది పెడసరంగా వినిపిస్తుందేమో గానీ, నేను మాన్పించను.

సాయంత్రానికి తివాచీ ఆరిపోయింది. దీపం పెట్టి దాని మీద కూర్చున్నాను. బిగువు నేత కొస నా కుడిచేతి వైపు వచ్చేలా పరుచుకోవడం అలవాటు. బొటనవేలితో ఆ ముళ్ళను తడుముతూ, నేనున్న నేలనూ నాకు దగ్గరి నీటినీ స్వామికి చెప్పుకున్నాను. ఆ తర్వాత అడగడానికి ఏమీ తోచలేదు. టీచరుగారి పేరు చెప్పి నమస్కారం పెట్టుకున్నాను.