టీచరమ్మ అప్పజెప్పిన బిగోనియాలు

బాగలూరు దగ్గర గులాబీ షెడ్డులో పదకొండేళ్లు పూలు కోశాను. మందుల వాసన పడక ఆయాసం పట్టుకోవడంతో డాక్టరు ఆ పని మాన్పించాడు. హోసూరులో మా అద్దె ఇల్లు రెండో అంతస్తు, విత్తనం వేయడానికి చారెడు నేల లేదు. ఊరికే కూర్చున్న నన్ను చూసి, పై అంతస్తులో ఉండే రిటైరైన టీచరమ్మ ఒకరోజు చిన్న కుండీ తెచ్చిచ్చారు.

వెదురులా కణుపులున్న కాడ, రెక్కలాంటి ఆకులు, వాటి మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి చుక్కలు. తిప్పి చూస్తే అడుగున ముదురు ఎరుపు.

“కేన్ బిగోనియా అంటారు దీన్ని. ఇంట్లోనే పెరుగుతుందమ్మా. ఎండ వద్దు, వెలుతురు చాలు,” అన్నారు.

గులాబీలు పెంచినదాన్ని, నాకొకరు చెప్పాలా అనుకున్నాను. రెండు పూటలా నీళ్లు పోశాను. పదిహేను రోజులకు కాడ మొదలు మెత్తబడి ఒరిగిపోయింది. సిగ్గేసి కుండీని తలుపు వెనక దాచాను కానీ ఆమె కంటపడనే పడింది.

“కుళ్లిపోయిందా? నేనూ ఫస్టు అట్లే చంపినాను. పైమన్ను ఆరినాకే నీళ్లు పొయ్యల్ల,” అని నవ్వారు.

ఆమె వరండాలో ఎన్ని రకాలో! నాకిచ్చినలాంటి చుక్కల ఆకులతో గులాబీరంగు గుత్తులు వేలాడేది, సన్నాకులకు తెల్లపూలు పూసేది, చుక్కల్లేని పచ్చటి ఆకుల మధ్య నారింజరంగు పూలది. కణుపు కింద కొమ్మ కోసి నీళ్ల గ్లాసులో వేళ్లు తెప్పించడం ఆమే నేర్పారు.

పోయిన వానాకాలం ఆమె మెట్ల మీద జారిపడ్డారు. తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక కృష్ణగిరిలోని చెల్లెలింటికి వెళుతూ కుండీలన్నీ నాకు అప్పజెప్పారు. ఆ ముసురులో గాలాడక ఆకులకు బూడిద తెగులు పట్టింది. ఒక ఆకు తీసేస్తే పక్క ఆకుకు పాకేది. ఎన్ని గులాబీలో కోసిన చేతికి ఆరోజు కత్తెర పట్టాలంటే భయమేసింది. చివరికి కాడలన్నీ రెండేసి కణుపుల దాకా కత్తిరించేసి, ఆమెకు ఫోను చేశాను.

“టీచరమ్మా, అన్నీ నరికేసినాను.”

“కణుపులు ఉండాయి గదా? అయితే వస్తాయిలే. ఈడ నన్నూ నడిపిస్తా ఉండారు,” అన్నారు.

మూడు వారాలు ఆ మోళ్లను చూస్తూ గడిపాను. ఒక ఉదయం ఒక కణుపు పక్కన బియ్యపుగింజంత ఎర్రటి చిగురు కనిపించింది. తర్వాత మరొకటి, మరొకటి. సన్నాకులది ఒక్కటే ఇక లేవలేదు.

చుక్కలది తొలి గుత్తి వేయగానే ఒళ్లో పెట్టుకుని కృష్ణగిరి బస్సెక్కాను. కుందారపల్లి దగ్గర బస్సు కుదిపినప్పుడు పూలు రాలిపోతాయేమోనని చేయి అడ్డం పెట్టాను.

తలుపు తీసింది టీచరమ్మే. వాకరు పట్టుకుని నిలబడ్డారు.

“సన్నాకులది పోయింది టీచరమ్మా,” అన్నాను ముందుగానే.

ఆమె పూలగుత్తి వైపే చూస్తున్నారు.

“పోనీలేమ్మా. ఈ వాకరు వదిలినాక ఇద్దరం నర్సరీకి పొయ్యి తెస్తాం. దీన్ని కిటికీ కాడ పెట్టు. రోజూ ఆడిదాకా నడిచేదానికి నాకు సాకు దొరికింది.”